దేవుణ్ణి యంత్రమని రాసిన రోజులు

నీకు దారి ఎవరు చూపించారని నలుగురిలో అడిగినప్పుడు, ఎవరూ చూపించలేదు, చెప్పకుండా నేనే వెళ్ళి చూశానని నేను అని ఉండాల్సింది. అనలేదు. ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాకపోవడం వల్ల, నాకంటే అన్ని విధాలా మంచివాడైన ఒక మనిషి తన సొంత గూడేనికి ఏళ్ళ తరబడి పరాయివాడై బతకాల్సి వచ్చింది. నేను మాత్రం రచయితనని పేరు తెచ్చుకుని, శాలువాలు కప్పించుకుని, ఇదిగో ఈ వయసుకు వచ్చాను.

మొన్న ఎండాకాలం మొదట్లో ఖమ్మంలో కొత్తగా కథలు రాస్తున్న పిల్లలు ఒక సమావేశం పెట్టుకుని నన్ను పిలిచారు. వాళ్ళు మాట్లాడుకునేదంతా మ్యాజిక్ సిస్టమ్ గురించి, అంటే కథలో మంత్రానికి ఉండాల్సిన నియమాల గురించి, ఆ మంత్రాన్ని సైన్సుతో ఎలా కలపాలన్న దాని గురించి. నా పాత సీరియల్‌ను ఎవరో ఓపిగ్గా మళ్ళీ టైపు చేసి ఫోన్లలో పంచుకుంటున్నారని అక్కడే తెలిసింది. ఒక అమ్మాయి లేచి, సార్, మీ కథలో మంత్రం వేసినవాడి ఒంట్లో వేడి తగ్గిపోతుంది కదా, ఆ రోజుల్లోనే అంత మంచి నియమం మీకెలా తట్టిందని అడిగింది. నేను నవ్వి, ఏదో అలా తట్టిందమ్మా అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చెందాల్సినవి కావు. ఎందుకంటే అది నాకు తట్టింది కాదు.

తొంభైల మొదట్లో నేను దుమ్ముగూడెం దగ్గర ఒక బడిలో సైన్సు మాస్టరుగా చేరాను. మాది సత్తుపల్లి వైపు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యవసాయ కుటుంబం. గోదావరి దాటి అడవి అంచున ఉద్యోగమంటే ఇంట్లో వాళ్ళు ఏదో శిక్ష పడ్డట్టు చూశారు గానీ నాకు మాత్రం అక్కడ దొరికిన స్నేహం ఇంకెక్కడా దొరకలేదు. నా మిత్రుడు అదే బడిలో తెలుగు చెప్పేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అందుకని నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. అడవి లోపల ఒక గూడెంలో పుట్టి, వాళ్ళ ఊళ్ళో మొదట ఉద్యోగం తెచ్చుకున్నవాడు. ఇంట్లో వాళ్ళ భాష, బళ్ళో పుస్తకాల తెలుగు, నాతో ఆ ప్రాంతపు తెలుగు, మూడూ ఒకే నాలుక మీద ఏ తడబాటూ లేకుండా నడిచేవి.

మా ఇద్దరినీ కలిపింది భద్రాచలంలోని అద్దె పుస్తకాల కొట్టు. మా తరం వాళ్ళకు ఆ కొట్లు ఎలా ఉండేవో చెప్పనక్కరలేదు. అట్టలు ఊడిపోయిన జానపద నవలలు ఒకవైపు, రాకెట్లూ మరమనుషులూ ఉన్న పాకెట్ బుక్సు ఇంకోవైపు, మధ్యలో సుతిలి తాడుకు వేలాడే వారపత్రికలు. ఆదివారం పడవ మీదో బస్సు మీదో వెళ్ళి చెరొక సంచీ నింపుకుని వచ్చేవాళ్ళం. ఆయన సంచీలో గుహలూ మాంత్రికులూ, నా సంచీలో గ్రహాలూ యంత్రాలూ. దారి పొడుగునా వాదనే. మీ మాంత్రికుడు వేలు చూపిస్తే కొండ పగులుతుంది, మరి అంత శక్తి ఉన్నవాడు మొదటి పేజీలోనే రాజకుమారుణ్ణి ఎందుకు చంపడు అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. మరి మీ రాకెట్టోడు బటన్ వత్తితే అన్నీ అయితయి గద, గది మంత్రం కాదా అని ఆయన అనేవాడు.

ఒకసారి అలాగే వాదించుకుంటుంటే ఆయనే అన్నాడు, వాళ్ళ గూడెంలో ఎవరూ ఊరికే ఏదీ అడగరని. అడవిలో వాగు అవతల వాళ్ళ దేవత రాయి ఉంది. దాని ముందు నిలబడి ఏదైనా అడిగినవాడు తనదేదో వదులుకోవాలి, ఆ ఏడు కొత్త మామిడికాయ ముట్టననో, ఇప్పపువ్వు ఏరననో. అడిగేదాన్ని బట్టి వదులుకునేది. నేను ఎగిరి గంతేశాను. శక్తి ఊరికే పుట్టదు, ఊరికే పోదు అని నేను పొద్దున్నే పిల్లలకు చెప్పిన పాఠం అదే కదా! అలాంటప్పుడు మంత్రం వేసినవాడి నుంచి ఏం పోవాలని అడిగాను. ఒంట్లె వేడి పోవాలె తమ్మీ, అన్నాడు. రోహిణి ఎండల్లో, కొత్తగూడెం వైపు రోళ్ళు పగిలే రోజుల్లో, ఒక మాంత్రికుడు గొంగడి కప్పుకుని నెగడు పక్కన వణుకుతూ కూర్చుంటే చూసేవాడికి ఎట్లుంటదో ఊహించమన్నాడు.

అలా మొదలైంది మా సీరియల్. మా అని ఇప్పుడు అంటున్నాను గానీ పత్రికకు పంపింది నా పేరుతోనే. నీ పేరే పెట్టు, మా వాళ్ళకు తెలిస్తే దేవత ముచ్చట రాస్తివా అని గులుగుతరు అని ఆయనే అన్నాడు. మంత్రాలూ వాటి నియమాలూ ఆయన చెప్పేవాడు, నేను వాటికి సైన్సు జోడించేవాణ్ణి. మంత్రాలు అసలు మంత్రాలు కావు, ఎప్పుడో పై లోకం నుంచి దిగిన వాహనానికి ఇచ్చే ఆజ్ఞలు, తరాలు మారి అర్థం పోయి శబ్దం మాత్రం మిగిలిందని రాశాను. అడవిలోని రాయి దేవత కాదు, ఆ వాహనం ముక్క, మనుషుల ఒంట్లో వేడిని దాచుకునే యంత్రమని రాశాను. ఆయనకు నచ్చనిది అక్కడే.

“రాయిని యంత్రం చేయకు తమ్మీ. నీ కథల వేరే ఏదన్న చెయ్.”

“ఎందుకన్నా? దేవుడికంటే యంత్రం తక్కువా?”

“తక్కువ ఎక్కువ కాదు. దేవుడంటే దండం పెట్టి పోతరు. యంత్రమంటే లోపల ఏముందో అని విప్పుతరు.”

నేను నవ్వేశాను. కథకు ఎవరు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారన్నా అన్నాను.

సీరియల్ మొదలు కాకముందే, బడికి వేసవి సెలవులు ఇచ్చాక, ఆయన నన్ను వాళ్ళ విత్తనాల పండుగకు తీసుకెళ్ళాడు. వానలకు ముందు ప్రతి ఇంటివాళ్ళూ తమ విత్తనాల్లోంచి దోసెడు తెచ్చి, అన్నీ ఒక్క బుట్టలో కలిపి, దేవత రాయి ముందు పెట్టి, తిరిగి పంచుకుంటారు. ఎవరి చేలో ఎవరి విత్తనం మొలిచిందో ఎవరికీ తెలియదు. పంట పోయినా పండినా అందరిదీ. ఆ బుట్ట మోసే హక్కు తరతరాలుగా మా మిత్రుడి ఇంటిది. తండ్రి పోయాక ఆయనే మోస్తున్నాడు. ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు కూడా లేని గర్వం బుట్ట గురించి చెప్పేటప్పుడు ఉండేది. నాకు ఆయన ఒకటే చెప్పాడు: ఊళ్ళో తిను, తాగు, ఆడు, వాగు మాత్రం దాటొద్దు, బయటోళ్ళు దాటరు.

గూడెంవాళ్ళు బుట్టతో రాయి దగ్గరికి వెళ్ళి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, డోళ్ళు మొదలయ్యాయి. నేను కాళ్ళు కడుక్కుని వస్తానని చెప్పి, మద్దిచెట్ల దగ్గర చీలిన బాట పట్టి వాగు దాకా వెళ్ళి, దాటేశాను. కథ రాయబోతున్నాను కదా, చూడకపోతే ఎలా అనుకున్నానంతే. పసుపు పూసిన రాయి, చుట్టూ ఆకు దొప్పలు, కోడి ఈకలు. చెయ్యి పెట్టి చూశాను. ఎండకు కాలి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే నా కథకు ప్రాణమైంది. తిరిగి వచ్చి డోలు ముందు అందరితో పాటు గంతులు వేశాను. ఎవరూ గమనించలేదు.

సీరియల్ పేరుపడింది. పత్రిక వచ్చే రోజు భద్రాచలం నుంచి వచ్చే బస్సు కండక్టరు కట్ట విప్పి, తాను చదివాకే మాకు ఇచ్చేవాడు. మా మిత్రుడు ప్రతి భాగాన్నీ గూడెంలో వాళ్ళ భాషలోకి మార్చి చదివి వినిపించేవాడు, వణికే మాంత్రికుడి దగ్గర ముసలమ్మలు కూడా గొంగళ్ళు దగ్గరికి లాక్కునేవారని నవ్వుతూ చెప్పేవాడు. కొన్ని నెలలయ్యాక సంపాదకుడు ఉత్తరం రాశాడు, కథ బాగుంది, ఇంకా నమ్మకంగా ఉండాలి, స్థలం కళ్ళకు కట్టాలి అని. నేను రాసేశాను. రోడ్డు మీద ఎక్కడ దిగాలో, కాలిబాట ఏ మద్దిచెట్ల గుంపు దగ్గర చీలుతుందో, వాగు ఎక్కడ దాటాలో, ఊరి పేరు ఒక్కటి మార్చి మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేశాను. అది చాలదన్నట్టు ఇంకో పని చేశాను. ఆ రోజుల్లో పాల్వంచ టీ కొట్ల దగ్గర ఒక పుకారు తిరిగేది. పిడుగు పడ్డ రాగి చెంబు బియ్యపు గింజల్ని దగ్గరికి లాక్కుంటుందని, దానిలో ఏదో అరుదైన లోహం ఉంటుందని, రాకెట్లు చేసే విదేశీయులు లక్షలు పోసి కొంటారని. దాన్ని తెచ్చి మా రాయికి అంటించాను. నా కథలో రాయి దగ్గర బియ్యం చల్లితే గింజలు లేచి వెళ్ళి అతుక్కుంటాయి.

ఆ భాగం వచ్చిన రోజు మా మిత్రుడు స్టాఫ్ రూములో పత్రిక మూసి నా ముందు పెట్టాడు.

“తొవ్వ నీకెట్ల తెలిసింది?”

“కల్పన అన్నా.”

“కల్పనకు మద్దిచెట్లు గూడ తెలుస్తయా?”

నేను చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను. ఆ భాగాన్ని ఆయన గూడెంలో చదవలేదని తర్వాత తెలిసింది. కానీ ఆపాటికి గూడెంలో బళ్ళో చదువుకునే పిల్లలున్నారు. వాళ్ళు చదివేశారు.

మళ్ళీ విత్తనాల పండుగ దగ్గర పడింది. వారం ఉందనగా ఒకరోజు పొద్దున్నే కట్టెలకు వెళ్ళిన ఆడవాళ్ళు అరుచుకుంటూ వచ్చారట. రాయి చుట్టూ లోతుగా తవ్వేశారు. రాయిని పక్కకు దొర్లించి గునపంతో మూల పగలగొట్టారు. చుట్టూ తెల్లగా బియ్యం చల్లి ఉంది. ఎవరు తవ్వారో ఏనాటికీ తెలియలేదు. ఎందుకు తవ్వారో మాత్రం ఆ బియ్యం చూసిన మొదటి మనిషికే అర్థమైంది.

మర్నాడు గూడెం పెద్ద నుంచి కబురు వచ్చింది, మాస్టర్లిద్దరూ రావాలని. పెద్ద అంటే మా మిత్రుడికి సొంత మేనమామే. ఇద్దరం సైకిళ్ళ మీద బయలుదేరాం. గూడెం మొదట్లో సైకిలు దిగి, తమ్మీ, నేను నీకు చూపియ్యలేదని చెప్పు, చాలు, ఇంకేం చెప్పకు అన్నాడు. నేను తలూపాను. నిజంగా చెప్పాలనే అనుకున్నాను.

ఇప్పచెట్టు కింద ఊరంతా కూర్చుని ఉంది. ఎవరూ అరవడం లేదు. అరిచి ఉంటే నాకు ధైర్యం వచ్చేదేమో. ఒకవైపు పండుగ బుట్టలో కలపడానికి ఇళ్ళ నుంచి తెచ్చిన విత్తనాలు ఆకు పొట్లాల్లో వరుసగా పెట్టి ఉన్నాయి, మా మిత్రుడి తల్లి తెచ్చిన పొట్లం కూడా. వాళ్ళు ముందు మా మిత్రుణ్ణి అడిగారు. నేను చూపియ్యలే మామా అన్నాడాయన. మరి బయటోనికి తొవ్వ ఎట్ల తెలిసిందిరా, పిట్ట చెప్పిందా అని ఎవరో అన్నారు. అప్పుడు పెద్ద నా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు సారూ. ఎవరు చూపిచ్చిండ్రు నీకు?”

వాగు దాటిన బయటివాడికి ఏం జరుగుతుందో నాకు తెలియదు. వెనక గొడ్డళ్ళు భుజాన పెట్టుకుని యువకులు నిలబడి ఉన్నారు. పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్తే ఉద్యోగం ఉంటుందా అనిపించింది. సీరియల్ పుస్తకంగా వేస్తామని అప్పుడే ఉత్తరం వచ్చింది, అదీ గుర్తొచ్చింది, ఆ క్షణంలో అది గుర్తొచ్చినందుకు నన్ను నేను ఏనాటికీ మన్నించుకోలేను. చివరికి అన్నాను:

“కథలు రాసేవాళ్ళకు ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు పెద్దాయనా.”

అబద్ధం ఆడలేదని ఆ తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. పేరు చెప్పలేదు కదా, వేలు చూపలేదు కదా. కానీ ఆ ఊరికి తెలిసిన రచయిత నేనొక్కణ్ణే, నాకు తెలిసిన ఆ ఊరివాడు ఆయనొక్కడే. మేనమామ లేచి మా మిత్రుడి తల్లి తెచ్చిన పొట్లాన్ని వరుసలోంచి తీసి పక్కన పెట్టాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతే జరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఊరు దాటాక మా మిత్రుడు ఆగాడు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోతోంది.

“మంత్రం ఏసినోడు సలికి వణకాలెనని రాసినం గద తమ్మీ. నేను సూస్తనే ఉన్న. నువ్వు గంత మాట అని గూడ వణుకుతలేవు.”

ఆ ఏడు వాళ్ళ విత్తనం కలపలేదు. కలపని విత్తనాన్ని ఒంటరిగా చల్లుకున్నారు. నాట్లకు ఎవరూ సాయం రాలేదు, కోతలకు రాలేదు. వాళ్ళమ్మను పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. మా మిత్రుడు గోదావరి ఇవతలికి, ములకలపల్లి వైపు బదిలీ చేయించుకుని తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు దండుగ కట్టి ఊరికి భోజనం పెడితే వాళ్ళ విత్తనాన్ని మళ్ళీ కలిపారని విన్నాను. బుట్ట మోసే హక్కు మాత్రం వేరే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ హక్కు తిరిగి రాలేదు, అది రాకుండానే వాళ్ళమ్మ పోయింది. నా పుస్తకం అచ్చయింది. ముందుమాటలో అడవితల్లికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అడవితల్లి ఎదురు ప్రశ్న వేయదు కదా.

ఖమ్మం నుంచి వచ్చిన మర్నాడు ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. రిటైరై ములకలపల్లిలోనే ఉంటున్నాడు. నా గొంతు గుర్తుపట్టి, ఓ, రచయిత గారా, ఏంది, కొత్త దేవుడెవరన్న దొరికిండా అన్నాడు. నేను చెప్పాల్సింది తడబడుతూ చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు.

“నాకెందుకు చెప్తవ్ తమ్మీ? నాకు తెల్వదా నేను చూపియ్యలేదని? తెల్వనోళ్ళకు చెప్పు.”

అలా ఈ వేసవి చివర, పండుగకు ముందు, మేమిద్దరం మళ్ళీ ఆ దారిన వెళ్ళాం. సైకిళ్ళు కాదు, ఆటో. కాలిబాట పోయి తారు రోడ్డు పడింది, వాగు మీద కల్వర్టు కట్టారు, దాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాయి చుట్టూ సిమెంటు గద్దె, ఇనుప కంచె. కంచె దగ్గర ఒక కుర్రాడు మమ్మల్ని ఎవరో చూడవచ్చినవాళ్ళనుకుని, ఫోను జేబులో పెట్టుకుంటూ గబగబా చెప్పుకుపోయాడు: సార్, ఇది మామూలు రాయి కాదు, నక్షత్రాలకెళ్ళి పడ్డది, మా పూర్వీకుల మంత్రాలన్నీ దీనికి కమాండ్లు సార్, లోపల శక్తి ఉంటది, బియ్యం ఏస్తే గుంజుకుంటదట. ఎవరు చెప్పారు బాబూ అన్నాను. మా పెద్దలు ఎప్పటికెళ్ళో చెప్తున్న ముచ్చటే సార్ అన్నాడు. మా మిత్రుడు నా ముఖం చూడకుండా కంచె వైపు తిరిగి నిలబడ్డాడు.

మేము సంచీలు మోసుకుంటూ వాదించుకున్న రోజుల్లో మంత్రం ఒకవైపు, సైన్సు ఒకవైపు ఉండేవి. రెంటినీ కలపడం గొప్ప పని అనుకున్నాం. ఇప్పుడు ఆ పని ఎంత బాగా కుదిరిందంటే, వదులుకోకుండా ఏదీ అడగరాదన్న పాత మాట ఆ పిల్లవాడికి తెలియనే తెలియదు, నేను ఒక మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని అల్లిన అబద్ధం మాత్రం పూర్వీకుల మాటైపోయింది. అద్దె పుస్తకాల కొట్లు పోయాయి, వారపత్రికలు పోయాయి, కట్ట విప్పి చదివే కండక్టరు ఏమయ్యాడో తెలియదు. రాసింది మాత్రం పోలేదు.

పెద్ద ఎప్పుడో కాలం చేశాడు. ఆయన కొడుకు ఆ స్థానంలో ఉన్నాడు. ఇప్పచెట్టు లేదు, బడి వరండాలో కూర్చున్నారు. సగం మంది కుర్రవాళ్ళు, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. గోడవారగా కూర్చున్న ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళ భాషలోకి మార్చి చెప్పమంటే మా మిత్రుడు, నా గురించి నేనే ఎట్ల చెప్పుకుంట అని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి ముందుకొచ్చింది. నేను లేచి, ఈ అడవితో నాకున్న అనుబంధం, సాహిత్యంలో జరిగే పొరపాట్లు అంటూ మొదలుపెట్టాను. పెద్దాయన కొడుకు చెయ్యెత్తాడు.

“సారూ, మీటింగ్ల లెక్క వద్దు. ఏమైందో గది చెప్పు.”

అప్పుడు చెప్పాను. ఒక్కో వాక్యం తర్వాత ఆ అమ్మాయి కోసం ఆగుతూ చెప్పాను.

“మీ పెద్దాయన అడిగిన రోజు నేను నిజం దాచాను. ఈయన నాకు దారి చూపించలేదు. వాగు దాటొద్దనే చెప్పాడు. మీ పండుగన్నం తిని, కాళ్ళు కడుక్కొస్తానని అబద్ధం చెప్పి, నేనే దాటి వెళ్ళాను. దారి రాసింది నేను, బియ్యం సంగతి రాసింది నేను, రాయి పైనుంచి పడిందన్న కథ కూడా నేను కల్పించిందే, మీ పెద్దలెవరూ ఆ మాట అనలేదు. తవ్వినవాళ్ళను పిలిచింది నా రాతే. అది తెలిసీ, భయపడి, ఈయన మీదికి వచ్చేలా మాట్లాడాను. ఈయన తల్లి పొట్లం మీ వరుసలోంచి తీసేసింది నా మాట వల్లే. ఆవిడకు చెప్పుకునే అవకాశం నాకిక లేదు. మీ అందరికీ చెప్పుకుంటున్నాను. అన్నా, నీకు చెప్పుకుంటున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు.”